తెల్లటి ముఖాలు

సెలవుల్లో నాతోపాటు బేతంచెర్ల బండల ఫ్యాక్టరీ పనికొచ్చిన పదిహేడేళ్ల మా అబ్బాయిని గొలుసు దోపిడీ కేసులో పట్టుకున్నారు. బాలల బోర్డు తప్పు వాడిదే అంది. కర్నూలు కోర్టులో అప్పీలు వేశాం. గొలుసు పోయినామె చెప్పింది ఒక్కటే గుర్తు, ముఖమంతా తెల్లటి బండల పొడి. మా ఊళ్లో ఆ పొడి అంటని కూలీ ఎవరని వకీలు వాదించారు. సాక్ష్యం చాలదని జడ్జి విడిచిపెట్టారు.

సంతోషంగా బేతంచెర్లలో రైలు దిగాం. షిఫ్టు వదిలిన కూలీలు పొడి ముఖాలతో ఎదురొచ్చారు. ఒకడు ఆగి, మమ్మల్ని చూసి నవ్వాడు. మావాడు నన్ను పక్కకు లాగాడు.

"ఆయప్పేమా గొలుసు తెంపింది. నేను చూసినా."

"కోర్టులో ఎందుకు చెప్పల్యా?"

"నువ్వు రోజూ ఆయప్పుండే కాడికే గదమా పనికి పొయ్యేది."

వాడి పేరు ఎంత అడిగినా మావాడు చెప్పలేదు. మర్నాడు పనిలోకి వెళ్లాను. పొడిలో అందరి ముఖాలూ ఒకటే. నవ్వినవాడెవరో నాకు తెలియదు. వాడికి మాత్రం నేను తెలుసు.