గోడ పెట్టడం మరచిన గేమ్

ఇది చదివాక మీ పిల్లలను నా దగ్గరికి ట్యూషన్‌కు పంపాలా వద్దా అని ఆలోచనలో పడతారు. పడండి, తప్పులేదు. అంత ఘనకార్యం చేశాను మరి.

సూరత్‌లోని లింబాయత్‌లో మన తెలుగు పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంటాను. నా శిష్యురాలు లావణ్య పదో తరగతి పాసై సైన్స్ తీసుకుంటానంది. మరమగ్గాల మీద పనిచేసే వాళ్ల నాన్న రాజేశం కాక కామర్స్ చాలన్నాడు. కంటికి కనిపించని వాటి గురించి చదివి ఏం చేస్తుందని ఆయన బాధ. నేను తయారుచేసిన వీడియో గేమ్ ఒక్కసారి చూసి, ఆ తర్వాతే తేల్చమని బతిమాలాను.

గేమ్‌లో ఎలక్ట్రాన్ ఒక నీలి చుక్క. దాని ముందు గోడ. దాటే శక్తి లేకపోయినా, ఎప్పుడో ఒకసారి ఆ చుక్క గోడకు అవతల తేలుతుంది. నిజం ఎలక్ట్రాన్లూ ఇంతే; ఈ వింతను తొలిసారి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఆదివారం కాక తన కార్ఖానా దోస్తులందరినీ వెంటబెట్టుకొచ్చాడు. లావణ్య బటన్ నొక్కింది. చుక్క గోడ దాటింది. మళ్లీ నొక్కింది, మళ్లీ దాటింది. ఇక నేను ఆగలేదు. సూర్యుడు మండేది కూడా ఈ వింత వల్లనే అని చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకున్నాను.

లావణ్య నా చెవి దగ్గరికొచ్చింది. "సర్, ఒక్కపారి గూడ వాపస్ వస్తలేదేంది? గోడ ఆన్ చేసిండ్రా?"

చేయలేదు. అక్కడున్నది గోడ బొమ్మ మాత్రమే. నేను ఇంతసేపూ కన్నీళ్లు కార్చింది ఖాళీ జాగాను చూసి.

నిజం చెప్పేశాను. బట్ట తాను మొత్తం నేశాక డిజైన్ తప్పని తెలిసిన మనిషిలా చూశాడు కాక. గోడ ఆన్ చేశాను. చుక్క తగిలి వెనక్కొచ్చింది. మళ్లీ వెనక్కొచ్చింది. అందరూ తలా కాసేపు నొక్కి విసిగిపోయారు. డుమస్ బీచ్‌కు పోయి టమాటా భజియా తిందామని దోస్తులు లేచారు. కాక ఒక్కడే నొక్కుతూ కూర్చున్నాడు.

ఉన్నట్టుండి చుక్క గోడకు అవతల మెరిసింది.

గుమ్మంలో ఒక కాలికి చెప్పు వేసుకున్నతను అలాగే లోపలికొచ్చి తెర ముందు నిలబడ్డాడు. కాక బటన్ మీంచి వేలు మెల్లగా తీశాడు.

"ఇందాక ఊకె పోతుంటే ఆటనే గదా అనుకున్న సారూ," అన్నాడు. "గిన్నిసార్లు తాకి తాకి, గిప్పుడు ఒక్కపారి పోయింది సూడు, గిది నమ్మిన." కూతురి వైపు తిరిగాడు. "గిదే చదువుకో బిడ్డా."

ఆ సాయంత్రం డుమస్ ఎవరూ పోలేదు. నేను మాత్రం గుండె మీద చెయ్యేసుకుని, సూర్యుడి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ప్రకృతి రహస్యాలకు ఎంతైనా ఏడుస్తాను గానీ, ముందు సెట్టింగులు చూసుకున్నాకే ఏడుస్తాను.