కొట్టెయ్యని ఉదాహరణ

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో కరీంనగర్ జిల్లాలోని ఒక హైస్కూల్లో పదో తరగతి చదువుతున్నాను. ఇంగ్లీషు సారు ధైర్యం మీద వ్యాసం రాయమన్నారు. ముందు ఒక మాట చెప్పాలి, దానికి ఉదాహరణ ఇవ్వాలి, అది ఆ మాటను ఎలా నిరూపిస్తుందో వివరించాలి అని నేర్పింది ఆయనే.

అందరూ గైడులోని ఫ్రాన్సు చక్రవర్తి కథ దించారు. నేను మా అవ్వ గురించి రాశాను. మేము అమ్మను అలాగే పిలుస్తాం. నా చిన్నతనంలో మా ఊరి దొర వెట్టిపనికి రమ్మని మనుషులను పంపితే, అవ్వ వాకిట్లో నిలబడి రానని చెప్పింది. అది చూసి వాడలోని ఆడవాళ్లందరూ వెళ్లడం మానేశారు. ధైర్యం ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకుంటుందని వివరించాను.

ఆ దొరే అప్పుడు మా బడి కమిటీకి పెద్ద. చదివిన సారు ముఖం పాలిపోయింది.

"గిది కొట్టేసి గైడుల ఉన్నది రాయి."

"ఆ చక్రవర్తిని నేను చూడలే సార్. మా అవ్వను చూసిన."

"దొరకు తెలిస్తే నిన్ను బడిల నుంచి తీసేస్తరు!"

"తీసేస్తే తీసేయనీ సార్. నేనైతే కొట్టెయ్య."

నేను కూర్చోలేదు. సారు సున్నా వేసి కాగితం నా మీదికి విసిరారు.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను.

"దొర పేరు రాసినవా బిడ్డా?"

"రాసిన."

"మంచిగ రాసినవ్. కాళ్లు కడుక్కొని రా, బువ్వ తిందువు."

బడిలోంచి నన్నెవరూ తీసేయలేదు. తర్వాత మంచి మార్కులు చాలానే తెచ్చుకున్నాను. నలుగురికీ చెప్పుకోవాలనిపించేది మాత్రం ఆ సున్నానే.