అరసైజు తక్కువ

నగల వీధిలో అతన్ని అసలు పేరుతో పిలిచి ఎన్నేళ్లయిందో అతనికే గుర్తులేదు. అందరికీ అతను అరసైజే. ఎవరు ఉంగరం చేయించుకోడానికి వచ్చినా వేలు కొలిచి, ఆ కొలతకి అరసైజు తగ్గించి చేసేవాడు. సబ్బు నురగలో ఉంగరం జారిపోయిందంటే తప్పు వేలిది కాదు, చేసినవాడిదని అతని వాదన. బిగుతైతే ఏముంది, కడ్డీకి తొడిగి నాలుగు దెబ్బలు వేస్తే బంగారం చెప్పినమాట వింటుంది. ముప్ఫై ఏళ్లు అలాగే వింది. అతన్ని చెడగొట్టింది ఆ వినే గుణమే.

కొత్త సరుకులోకి అతన్ని తోసింది అక్క. అమ్మ పోయాక కుట్టుమిషన్ తొక్కి తమ్ముణ్ణి పెంచిన మనిషి. వీధి చివర దర్జీ కొట్టు ఆమెదే. తమ్ముడికి జుట్టు నెరిసినా ఆమె కంటికి ఇంకా ముక్కు తుడవాల్సిన పిల్లాడే. అందరూ కంప్యూటర్లో నగలు గీస్తుంటే నువ్వింకా ఊదుగొట్టం పట్టుకు కూర్చుంటావేంట్రా అని దెప్పి దెప్పి ప్రాణం తీస్తే, చివరికి కంప్యూటరూ, పేర్లు చెక్కే లేజర్ మిషనూ కొన్నాడు. టంగ్‌స్టన్ అనే ఉక్కుకన్నా గట్టి లోహంతో ఉంగరాలు మొదలుపెట్టాడు. బొమ్మ గీసి కొలత పంపితే ఫ్యాక్టరీవాళ్లు ఆ సైజులో నల్లటి ఉంగరం తయారుచేసి పంపుతారు. లోపల పేరు చెక్కడమే అతని పని. గీత పడదు, వన్నె తగ్గదు అనేసరికి జనం ఎగబడ్డారు.

ఒకసారి తయారయ్యాక సైజు మార్చడం కుదరదని పెట్టెలో కాగితం వచ్చింది. చదివాడు, చదవకేం. చదివి మడతపెట్టి, అలవాటు కొద్దీ అందరి కొలతా అరసైజు తగ్గించే పంపాడు. మిషన్లు మారాయిగానీ మహానుభావుడి బుర్ర మారలేదు.

మొదటి ఉంగరం అక్కదే. కుడిచేతి ఉంగరపు వేలికి తొడిగితే మురిసిపోయి, జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషికీ చూపించింది.

ఏడాది గడిచింది. అక్క మొహం పొద్దున పూట ఉబ్బడం మొదలైంది. కిడ్నీలు సరిగా పనిచెయ్యట్లేదు, ఒంటికి నీరు పడుతోందని డాక్టర్లు మందులిచ్చారు. ఒకరోజు ఉదయం అతను అక్క కొట్టుకి వెళ్లేసరికి ఆమె ఎడమచేత్తో కత్తెర పట్టుకుని తంటాలు పడుతోంది. కుడిచెయ్యి ఏమైందంటే ఏమీ లేదని గుడ్డల కింద దాచింది. లాగి చూశాడు. ఉంగరం పైన వేలు వంకాయలా నల్లగా నిగనిగలాడుతోంది.

నాలుగు రోజులైందట. ఎందుకు చెప్పలేదని అరిచాడు.

"తీసెయ్యమంటే నువ్వు చిన్నబుచ్చుకుంటావనిరా."

సబ్బు రాశాడు, నూనె పోశాడు, దారం చుట్టి లాగాడు. ఆమె పంటి బిగువున ఓర్చుకుందిగానీ ఉంగరం ఇసుమంతైనా కదల్లేదు. బంగారంలా దీన్ని సాగదీయలేనని అప్పుడు తెలిసొచ్చి, అక్కని ఆటో ఎక్కించాడు.

ఆసుపత్రిలో ఉంగరాలు కోసే చిన్న రంపం తెచ్చారు. రెండు నిమిషాల్లో దాని పళ్లు అరిగిపోయాయి, ఉంగరం మీద గీతైనా పడలేదు. గీత పడదని అమ్మినవాడు పక్కనే నిలబడి చూశాడు. డాక్టరమ్మ గడియారం వైపు చూసి, "గంటలో రక్తం ఆడకపోతే వేలు తీసెయ్యాల్సిందేనండీ" అంది.

ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. అది కోస్తే తెగదు, నొక్కితే పగులుతుంది అన్నాడు అవతలివాడు, వాన గురించి మాట్లాడినంత తాపీగా. అతను తన కొట్టుకి పరుగెత్తి, మర తిప్పి బిగించే ప్లయర్ తెచ్చాడు. ఎముక విరిగితే ఎవరిది పూచీ అని డాక్టరమ్మ అడ్డుపడింది. అక్క చెయ్యి ముందుకు చాపింది.

"వాడు పెట్టిందేగా, వాడే తీస్తాడు. కానివ్వరా. చెయ్యి వణికిందంటే వీపు పగులుతుంది."

ప్లయర్‌ని ఉంగరానికి పట్టించాడు. నొక్కి, వదిలి, మర పావు చుట్టు తిప్పి మళ్లీ నొక్కాడు. ఆమె దుప్పటి అంచు నోట్లో కుక్కుకుంది. ఆరోసారికి టప్‌మని ఉంగరం మూడు ముక్కలైంది. వేలు దక్కింది. డాక్టరమ్మ వేలికొసన సూదితో గుచ్చింది, రెండుసార్లు, మూడుసార్లు. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. స్పర్శ వస్తే రావచ్చు, చెప్పలేమంది డాక్టరమ్మ. జీవితమంతా సూదితో బతికిన మనిషి, ఆ వేలితో దుప్పటి గుడ్డని తడిమి తడిమి చూసుకుంది. అది చూడలేక అతను బయటికొచ్చి గోడకానుకుని ఏడ్చాడు.

ఏడుస్తుండగానే మిగతావాళ్లు గుర్తొచ్చారు.

కొట్టుకెళ్లి కంప్యూటర్ తెరిచాడు. అరవై మూడు ఉంగరాలు. అన్నీ అరసైజు తక్కువే. వరసలో మొదటి నంబరుకి ఫోన్ కలిపాడు. పోయినేడు పెళ్లికి చేయించుకున్న అమ్మాయి. అతని గొంతు గుర్తుపట్టి, నోరు విప్పనివ్వకుండా అందుకుంది.

"మీకే చేద్దామనుకుంటున్నానండీ. నాకిప్పుడు ఏడో నెల. కాళ్లు వాచి చెప్పులు కూడా పట్టట్లేదు. మీ ఉంగరం మాత్రం ఉన్నచోటి నుంచి కదిలితే ఒట్టు. అంత బాగా చేశారని మావారు అందరికీ చెబుతున్నారు."

అతను ప్లయర్ జేబులో వేసుకున్నాడు.

"అమ్మా," అన్నాడు, "ఆ వేలు ఏ రంగులో ఉందో చూసి చెప్పు."