సర్దే కాలు, తొక్కే కాలు

పర్చూరు దగ్గరి ఆ ఊరి చర్చిలో ఆదివారం ఆరాధనంటే ప్రేమదాసు తబలా ఉండాల్సిందే. తండ్రి దగ్గర డప్పు నేర్చాడు. వయసులో ఉండగా నాటకాల వాళ్ళ వెంట తిరిగి తబలా పట్టుకున్నాడు. వారమంతా కూలి పని, ఆదివారం మాత్రం మడత నలగని తెల్లచొక్కా. పాట నోట్లోంచి ఊడిపడగానే దెబ్బ పడాలి, అంతే ఆయన శాస్త్రం. జనమూ ఆయన దెబ్బతోనే చప్పట్లు కొట్టేవారు.

ఎనభై నాలుగులో హైస్కూలుకి జయకుమారి టీచరు వచ్చింది. మద్రాసు హాస్టల్లో చదివిన పిల్ల. గుళ్ళో మూలపడి ఉన్న కాలితో తొక్కే ఆర్గన్‌ని దులిపి పలికించేసరికి ఊరంతా మురిసిపోయింది. ప్రేమదాసు అందరికంటే ఎక్కువ మురిశాడు.

చిక్కల్లా ఈస్టరు పాటతో వచ్చింది. ఇంగ్లీషు బాణీకి తెలుగు మాటలు కట్టిన పాట అది. మొదటి మాట “ఓ”. జయకుమారికి ఆ పాట ముందు ఇంగ్లీషులో వచ్చింది, తెలుగులో తర్వాత. ఆమె చెవికి ఆ “ఓ” గాలిలాంటిది. బరువంతా దాని తర్వాతి అక్షరం మీద. ప్రేమదాసు మాత్రం “ఓ” మీదే చెయ్యి దించాడు. జనం చప్పట్లూ అక్కడే పడ్డాయి. ఆర్గన్ ఒక దారి, తబలా ఒక దారి.

“ప్రేమదాసు గారూ, ‘ఓ’ మీద కొట్టకండి. అది తేలిక.”

“తేలికేందమ్మగారూ! దేవుణ్ణి పిలిచే మాట గదా. గట్టిగా పిలవకపోతే ఎవరు పలుకుతారు?”

గుడంతా గొల్లుమంది. జయకుమారీ నవ్వింది గానీ మళ్ళీ మొదలెడితే మళ్ళీ అంతే. ఆయన మొండికేయలేదు, నిజంగానే ఆయనకి అది వినబడలేదు. ఆయన వినేది ఆమెకూ వినబడలేదు.

ఈస్టరుకి ఒంగోలు నుంచి సంఘ పెద్దలు వస్తున్నారు. పాస్టరయ్యగారికి కంగారు పుట్టింది. “ఆ ఒక్కరోజుకీ తబలా వద్దని నువ్వే చెప్పమ్మా. నా నోటితో చెప్పలేను” అని జయకుమారిని పంపారు.

ఆమె వెళ్ళేసరికి ప్రేమదాసు కల్లంలో గోనెలో దిగి మిరపకాయలు తొక్కుతున్నాడు. అలా కూరిన బస్తాని అక్కడ టిక్కీ అంటారు. కాళ్ళకి గుడ్డలు చుట్టుకున్నాడు. చుట్టూ ఎర్రగా కాయలు. ఆమెకి తుమ్ము మీద తుమ్ము.

పక్కన కాయలు ఏరుతున్న ఆయన భార్య ఎలీసమ్మ తలెత్తింది. “కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకో తల్లీ. ఏందిట్టా వచ్చావు?”

జయకుమారి కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపు ఆయన కాళ్ళ వంక చూసింది. తుస్, ధబ్. తుస్, ధబ్. చూస్తూ చూస్తూ కొంగు చాటునే పాట కూనిరాగం తీసింది. “ఓ” తుస్‌మన్న చోట పడింది.

ప్రేమదాసు ఆగిపోయాడు. “ఏందమ్మగారూ, నా కాళ్ళ మీద పాడతన్నారు?”

“ముందు ఎడమకాలు మెల్లగా ఎందుకు పెడుతున్నారు?”

“ఒక్కసారే బరువేస్తే కాయ చితికిపోద్దమ్మా. ఎడమకాలు సర్దుద్ది, కుడికాలు తొక్కుద్ది.”

“అంతేనండీ! ‘ఓ’ అన్నది సర్దే కాలు. తర్వాతిది తొక్కే కాలు.”

ఆయన మళ్ళీ తొక్కాడు, ఈసారి తనే పాడుతూ. ముఖం విప్పారింది. “ఇన్నాళ్ళూ మీకిట్టా వినబడతందా?” అన్నాడు. కాళ్ళు ఆపగానే మళ్ళీ పోయింది. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ వచ్చింది.

“నిజం చెప్పండమ్మగారూ. నన్ను రావొద్దని చెప్పడానికేగా వచ్చారు?”

జయకుమారి తల దించుకుంది. “అందుకే వచ్చాను. ఇప్పుడు మాత్రం రమ్మంటున్నాను.”

“పండగపూట చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోమంటే చచ్చిపోతాడమ్మా ఈయన” అంది ఎలీసమ్మ.

ఆ వారమంతా ప్రేమదాసు నడిచినా పాటే, సైకిలు తొక్కినా పాటే. “ఏమయ్యా, అన్నం కూడా సర్ది తొక్కుతున్నావా?” అని భార్య దెప్పింది.

ఈస్టరు నాడు ఆర్గన్ ఎత్తుకుంది. ప్రేమదాసు చాప మీద ఎడమపాదం మెల్లగా కదిపి, తర్వాతి అక్షరం మీద దెబ్బ వేశాడు. సరిగ్గా ఆర్గన్‌తో కలిసింది. జయకుమారి గెలిచినట్టు తలెత్తింది. అంతలో గుడంతా “ఓ” మీదే ధన్‌మని చప్పట్లు కొట్టింది. వాళ్ళకి కల్లం పాఠం ఎవరు చెప్పారు గనక!

ఒంగోలు పెద్దలు ముఖాలు చూసుకున్నారు. ప్రేమదాసు ఆ చివర ఆర్గన్ వంక చూశాడు, ఈ చివర ఎలీసమ్మ చప్పట్ల వంక చూశాడు. ఎవర్నీ వదలబుద్ధి కాలేదు. కుడిచెయ్యి ఆర్గన్‌తో ఉండనిచ్చి, ఎడమచెయ్యి చప్పట్లతో వేశాడు. రెండు దారులూ ఆయన ఒళ్ళో కలిశాయి. పాట కదిలింది.

బయటికొచ్చాక జయకుమారి పరుగెత్తుకుంటూ వచ్చింది. “ఏం చేశారండీ అది?”

“ఏముందమ్మగారూ, కుడిచెయ్యి మీకు, ఎడమచెయ్యి మావాళ్ళకి.”

పాస్టరయ్యగారు వచ్చి ఆయన భుజం తట్టి, వచ్చే పండక్కి ఇంకో రెండు పాటలు చూడమన్నారు.

ఎలీసమ్మ మాత్రం దారి పొడుగునా ఆలోచిస్తూ నడిచింది. ఇల్లు చేరాక అంది: “బాగానే ఉందయ్యా. కానీ ఆ టీచరమ్మ ఎందుకో ప్రతిదీ ఒక అడుగు వెనకబడి వాయించుద్ది.”