ఓదెమ్మక్క ఫ్యాను

గూడూరులో నాది జిరాక్స్ దుకాణం. ఓదెమ్మక్క వస్తోందంటే నాకు గుండె దడే. మిరప తోటల్లో కూలికి పోయే మనిషి, నోరు ఆ మిరపకాయకంటే ఘాటు. కానీ తుంటి విరిగి మంచాన పడ్డ అత్త ముత్యమ్మకు రెండేళ్లుగా ఆమె చేసే సేవ చూస్తే ఎవరైనా దండం పెట్టాల్సిందే. అక్క దిగులంతా ఎండాకాలం గురించే. రేకుల ఇల్లు. బిల్లు ఎక్కువొస్తుందన్న భయంతో ఫ్యాను కాసేపు తిప్పి ఆపేసేది. పాపం, ముసలామె చెమటతో తడిసిపోయేది.

రెండు వందల యూనిట్ల లోపు వాడే పేదింటి కరెంటు బిల్లు సర్కారే కడుతుందని విన్నప్పటి నుంచి ఓదెమ్మక్కకు కాలు నిలవలేదు. దరఖాస్తులకు ఆఖరి రోజు సాయంత్రం, తోట నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చింది. చేతిలో ఆధార్, రేషన్ కార్డు, మొన్నటి కరెంటు బిల్లు.

“తమ్మీ, గీ బిల్లుకు లామినేషన్ చెయ్యి. నా చేతులకు అంత కారమే. సార్లకిచ్చేదాక ఖరాబు కావద్దు.”

“జిరాక్స్ చాలక్కా...”

“చెయ్యమంటె చెయ్యవేందిరా!”

ఆ నోటికి జడిసి, బుద్ధి గడ్డి తిని, బిల్లును మిషన్లో పెట్టాను. ఆ పల్చటి కాగితానికి వేడి తగిలితే ఏమవుతుందో, ఈ పని చేసుకుని బతికే నాకు తెలియొద్దూ? అవతలి వైపు నుంచి నిగనిగలాడే నల్లటి అట్ట వచ్చింది. పేరు లేదు, నంబరూ లేదు.

ఓదెమ్మక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తిట్టలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది.

“సర్వీస్ నంబరు లేంది దరఖాస్తు తీసుకోరట తమ్మీ,” అంటూ బెంచీ మీద కూలబడింది. “మా అత్త గీ ఎండకాలం ఎట్ల ఎల్లదీస్తదో ఏమో.”

కారం చేత్తో కళ్లు తుడుచుకోబోతే గబుక్కున చెయ్యి పట్టి ఆపాను. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. నేను తల పట్టుకున్నాను. అంతలో ఆమె దిగ్గున లేచింది.

“ఓరి పిచ్చోడా! నెలనెలా నా బిల్లు కట్టేది నీ ఫోన్లనే గదా! అండ్ల ఉండదా నంబరు?”

ఉంది! పేరుతో సహా ఉంది! దరఖాస్తు మీద గబగబా రాసి, షటర్ దింపి, ఆమెను బండెక్కించుకుని పంచాయతీ ఆఫీసుకు ఉరికించాను. సార్లు కాగితాలు సర్దుకుంటున్నారు. “జర ఆగుండ్రి సారూ!” అని ఓదెమ్మక్క గేటు దగ్గర నుంచే పెట్టిన కేకకు కుర్చీలోంచి లేచిన సారు మళ్లీ కూర్చున్నాడు.

మార్చిలో జీరో బిల్లు వచ్చింది. “ఇంటికి రా తమ్మీ” అంటే వెళ్లాను. ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. అక్క దాని కింద కాళ్లు బారచాపుకుని కూర్చుంది. నాకు భలే సంతోషమేసింది. మంచం మీద ముత్యమ్మ కొంగు చెవులకు చుట్టుకుంది.

“సలి పెడ్తాంది ఓదెమ్మా. జరసేపు బంద్ చెయ్యే.”

“బంద్ చేసేదే లేదత్తా! కావల్నంటే గొంగడి కప్పుత!”