గడ్డి చుట్టిన బీరు

ఆళ్లగడ్డలో విగ్రహాలను కట్టి లారీలకెక్కించే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. విగ్రహం ఒళ్లంతా వరిగడ్డి చుట్టి, ప్రతిష్ఠ దాకా దేవుడు కళ్లు తెరవకూడదని తలకు పసుపు గుడ్డ కట్టేవాడు. తర్వాత నేలమీద ఒకసారి దొర్లించేవాడు. "పగిలేదుంటే నా ముందరే పగలల్లప్పా" అనేవాడు.

డెబ్బైల చివర్లో, బీరు దొరకని మారుమూల ఊళ్లో ఉన్న మా బావకు రెండు సీసాలు పోస్టులో పంపాలని ఆయన దగ్గరికే పట్టుకెళ్లాను. గడ్డి చుట్టాడు. పసుపు గుడ్డ కట్టి కుంకుమ కూడా పెట్టాడు.

"అన్నా, ఇవి బీరు సీసాలు!"

"తెలుసులేప్పా. చెయ్యి ఊరుకోదు."

చెక్కపెట్టెలో పెట్టి, సందుల్లో పొట్టు కూరి దొర్లించాడు. చప్పుడే లేదు. నంద్యాల వచ్చి పార్సిల్ చేశాను.

పదిహేను రోజులకు బావ ఉత్తరం రాశాడు. పెట్టె విప్పింది వాళ్లమ్మ. గడ్డి, పసుపు గుడ్డ, కుంకుమ చూసి, ఆళ్లగడ్డ నుంచి దేవుళ్లు వచ్చారనుకుని, ముహూర్తం దాకా గుడ్డ విప్పకూడదని రెండింటినీ పూజగదిలో పెట్టేసింది. బావ నోరు మెదపలేక రోజూ దండం పెట్టుకుంటున్నాడు.

ఆళ్లగడ్డ వెళ్లి పెద్దాయన ముందు మొత్తుకున్నాను. ఆయన నవ్వనైనా లేదు.

"పగల్లేదు గదా?"

"లేదు."

"ఇంగేం? బేగా ముహూర్తం పెట్టుకోమను పో!"