ఎస్తేరక్క పూసిన ఎండ రంగు

పొయ్యి మీద టీ డికాషన్ నల్లగా మరిగి ఆ వాసన ఇల్లంతా పరుచుకుంటే చాలు, నాకు ఎస్తేరక్క గుర్తొస్తుంది. గోదావరిఖనిలో మా క్వార్టరు పక్క క్వార్టరు ఆమెది. భర్త గనిలో పనిచేసేవాడు. ఆమె చర్చిలో క్రిస్మస్ నాటకాలకూ, కార్మికుల నాటక పోటీలకూ వేషాలు దిద్దేది. మాట కరుకు, చెయ్యి మాత్రం మహా మెత్తన.

తెలంగాణ కోసం ఊరూరా సభలు జరుగుతున్న రోజులవి. నేను డిగ్రీ చదువుతున్నాను. కాలేజీ నాటకంలో కూలికి పోయే తల్లి వేషం మీద నా ప్రాణమంతా ఉంది. చిన్నప్పటి నుంచీ ఎండ తగిలితే నాకు ఒంటి నిండా దద్దుర్లు లేచేవి. నీడపట్టున పెరిగి పాలిపోయినట్టుండేదాన్ని. నాటకం వేయిస్తున్న సారు నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు దొరసాని వేషం వెయ్యమ్మా. కూలిదానివంటే ఎవరు నమ్ముతరు?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. రేపు వేషంతోనే వస్తాను, అప్పుడు చూసి చెప్పండి అన్నాను. అనేశాను గానీ, ఎండలో నిలబడి నల్లబడే యోగం నాకెక్కడిది? ఇంటికొచ్చి బొగ్గు నూరి, కొబ్బరినూనెలో కలిపి మొహానికీ చేతులకూ పట్టించాను. మా ఇంట్లో బొగ్గుకు కరువా! గనిలో డ్యూటీ దిగి వచ్చిన నాన్న గుమ్మంలోనే ఆగిపోయి, "ఏంది బిడ్డా, నాకంటె ముందుగాల్నే షిఫ్టు దిగినవా?" అని పడీ పడీ నవ్వాడు. ఏడుపు ఆపుకుంటూ అదే మొహంతో ఎస్తేరక్క ఇంటికి పరుగెత్తాను.

ఆమె నవ్వలేదు. సబ్బు చేతికిచ్చి, "కడుక్కో పో. బొగ్గు పైన పడ్తది, ఎండ లోపటికి దిగుతది. రెండిట్ల ఫరక్ తెల్వకపోతె ఎట్ల?" అంది. చిక్కటి డికాషన్‌లో పాన్‌డబ్బాలో దొరికే కాచు కలిపి, చల్లార్చి, దూదితో అద్దింది. ఒక పూత ఆరాకే ఇంకో పూత. ముక్కు మీద, చెక్కిళ్ళ మీద, ముంజేతుల మీద ఎక్కువగా వేసింది. గాజుల కింద అసలు ముట్టలేదు. కళ్ళు చిట్లించమని, ఆ ముడతల సందులు తెల్లగా వదిలేసింది. అద్దంలో ఏళ్ళ తరబడి నాట్లు వేసిన మనిషి కనిపించింది. నేను మురిసిపోతుంటే వీపు మీద ఒక్కటిచ్చింది.

"రంగు నేను పూసిన. ఎండ నువ్వు తేవాలె. కండ్లు గంత పెద్దగ తెరుస్తె ఎండల ఉన్నట్టా? జర చిట్లించు, నడువు."

పొద్దుగూకే దాకా గదిలో అటూ ఇటూ నడిపిస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఆమె చేత పూయించుకుని సారు ముందు నడిచి చూపించాను. వేషం నాకే దక్కింది. ప్రదర్శన రోజు మాత్రం ఉక్కకు చెమటలు ధారగట్టి, నాటకం సగంలో ఉండగానే రంగు కారడం మొదలైంది. కుడి ముంజేయి చారలు చారలుగా తెల్లబడిపోయింది. చెయ్యి కొంగులో దాచుకోబోతే, తెర పక్కన నిలబడ్డ ఎస్తేరక్క వద్దని తల ఊపి, తన కళ్ళు చిట్లించి చూపించింది. నేనూ చిట్లించాను. ఆ చేత్తోనే కొడవలి ఎత్తాను.

నాటకం అయిపోయాక ఒక అవ్వ వేదిక దగ్గరికి వచ్చి, రంగు పోయిన ఆ చెయ్యే పట్టుకుంది. "ఏ ఊరు బిడ్డా మీది? ఎవల చేన్లకు పోతున్నవ్ కూలికి?" అని అడిగింది. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

ఎస్తేరక్క పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నేను బడిలో పిల్లల చేత నాటకాలు వేయిస్తాను. ఈ పిల్లకు ఆ వేషం నప్పదని ఎవరైనా అంటే, రేపటి దాకా ఆగమంటాను. మొండిదాన్నని పేరు కూడా వచ్చింది, రానీ. ఆ సాయంత్రం ఆ పిల్లను ఉంచేసి ముందు నడక నేర్పిస్తాను. రంగు సంగతి ఆ తర్వాత.